సముద్రతీర చిత్రకారుడు మెస్డాగు

ఐరోపా ఖండమున ఉత్తర సముద్రపు తీరమున నెదర్లాండ్సు అను చిన్న దేశము కలదు. దీనిని హాలెండని కూడ వ్యవహరింతురు. పూర్వము ఓడలపై మచిలీపట్టణమునకును, భీమునిపట్టణమునకును వచ్చి, తెలుగు సాలెవారు నేసిన బట్టలను కొనిపోయిన డచ్చివారి స్వదేశమిదియే. ఆ దేశపు భూమిలో ఇంచుమించు నాలుగవ వంతు సముద్రమట్టముకంటె పల్లముగా నున్నది. కట్టలు కట్టియు, కాలువలు త్రవ్వియు, గాలిమరలతో నీటిని తోడియు అచ్చటి ప్రజలు తరతరములుగా తమ నేలను కాపాడుకొనుచు వచ్చిరి. సముద్రము వారికి భయమును కలిగించును. అన్నమును కూడ పెట్టును. అట్టి సముద్రమును, దాని యొడ్డున బ్రదుకు సామాన్యులను తన జీవితమంతయు చిత్రించిన మహాచిత్రకారుడు హెండ్రిక్ విల్లెం మెస్డాగు.

మెస్డాగు 1831వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన ఆ దేశపు ఉత్తరభాగమందలి గ్రోనింగెను నగరమున జన్మించెను. ఆయన తండ్రి ధాన్యపు వర్తకుడు. బ్యాంకును కూడ నడుపుచుండెను. తండ్రికి చిత్రలేఖనముపై మక్కువ మెండు. తీరిక దొరికినపుడు తానును బొమ్మలు వ్రాయుచుండెడివాడు. తన కుమారులకు కూడ చిన్ననాటనే గురువులను పెట్టి చిత్రలేఖనము నేర్పించెను. హెండ్రిక్ అన్న టాకో కూడ పిమ్మట చిత్రకారుడయ్యెను. అయినను ఆ కాలమున ధనికుల యిండ్లలో చిత్రలేఖనము వినోదమే కాని వృత్తి కాదు. కుటుంబమున తరతరముల వ్యాపారము సిద్ధముగా నుండగా, పెద్దకొడుకులు దానిని చేపట్టుటయే లోకరీతి. హెండ్రిక్ కూడ ఆ రీతినే అనుసరించి తండ్రి బ్యాంకులో ఉద్యోగియయ్యెను.

పగలెల్ల లెక్కల పుస్తకములతో గడచిపోవుచుండెను. సాయంకాలములందును, సెలవు దినములందును మాత్రమే ఆయన కుంచెను చేపట్టుటకు వీలు కలిగెడిది. ఇట్లు ఒకటి కాదు, రెండు కాదు, పదునైదేండ్లకు పైగా జరిగెను. మనసు నిలిచిన పని యొకటి, చేయవలసిన పని యొకటి యగుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. అయినను ఆయన బ్యాంకు పనిని అశ్రద్ధ చేయలేదు; చిత్రలేఖనమును విడువలేదు.

1856లో మెస్డాగు సీంచె వాన్ హౌటెను అను యువతిని వివాహమాడెను. ఆమెయు గ్రోనింగెను నగరమున పుట్టి పెరిగినదే. ఆమె తండ్రి కలప వర్తకుడు. ఆమె సోదరుడు సామ్యూల్ వాన్ హౌటెను పిమ్మట రాజకీయములందు ప్రసిద్ధి కెక్కెను. కర్మాగారములలో పన్నెండేండ్లలోపు బాలబాలికలచే పని చేయించుటను నిషేధించు చట్టము 1874లో వెలువడుటకు ఆయనయే కారకుడు. అట్టి కుటుంబమునుండి వచ్చిన సీంచె వివేకవతి, ధైర్యశాలిని. 1863లో ఆ దంపతులకు ఒక కుమారుడు కలిగెను. వారతనికి తాతపేరు పెట్టి క్లాస్ అని పిలుచుకొనిరి.

కొంతకాలమునకు సీంచెకు పుట్టింటి వారసత్వముగా ఆస్తి సంక్రమించెను. ఆ ధనముతో మఱింత వ్యాపారము చేయవచ్చును. లేదా సుఖముగా కూర్చుండి కాలక్షేపము చేయవచ్చును. మెస్డాగు ఈ రెండింటిని కోరలేదు. 1866లో, తన ముప్పదియైదవ యేట, బ్యాంకు ఉద్యోగమును వదలి పూర్తిగా చిత్రకారుడగుటకు నిశ్చయించుకొనెను. భార్య ఆయనకు తోడుగా నిలిచెను. ఆ వయస్సునకు తక్కిన చిత్రకారులు విద్య ముగించి పేరు తెచ్చుకొని యుందురు. మెస్డాగు అపుడే ఓనమాలు దిద్దుకొనవలసిన స్థితిలో నుండెను. ఓడిపోయినచో బంధుమిత్రుల యెదుట నగుబాటు తప్పదు. అయినను ఆయన వెనుదీయలేదు.

ఆ దంపతులు తమ మూడేండ్ల బిడ్డతో బెల్జియము దేశపు రాజధానియైన బ్రస్సెల్సు నగరమునకు తరలిపోయిరి. ప్రసిద్ధ చిత్రకారుడు ఆల్మా టాడెమా మెస్డాగునకు దగ్గరి బంధువు. అపుడాయన బ్రస్సెల్సులోనే యుండెను. ఆయన సహాయమున మెస్డాగు విల్లెం రూలోఫ్సు అను డచ్చి చిత్రకారునికి శిష్యుడయ్యెను. రూలోఫ్సు ప్రకృతిదృశ్యములను చిత్రించుటలో దిట్ట. చూడనిదానిని ఊహించి అందముగా వ్రాయుటకంటె, చూచినదానిని ఉన్నదున్నట్లు పరిశీలించి వ్రాయుట మేలని ఆయన మతము. మెస్డాగు మూడేండ్లపాటు ఆ గురువు చెంత శ్రద్ధతో విద్య నభ్యసించెను. చెట్టును, చేనును, మబ్బును, నీటిని ఎదుట కూర్చుండి పరికించుట ఆయనకు అచ్చట అలవడెను. కాని తాను ప్రత్యేకముగా చిత్రింపదగిన వస్తువేదియో ఆయనకింకను తెలియలేదు.

1868 వేసవికాలమున మెస్డాగు కుటుంబసహితముగా జర్మనీ దేశమునకు చెందిన నార్డర్నై అను ద్వీపమునకు విశ్రాంతికై పోయెను. ఉత్తర సముద్రము ఆ ద్వీపమును చుట్టుకొని యున్నది. అచ్చట ఆయన దినమెల్ల ఒడ్డున నిలిచి అలలను చూచుచుండెను. ఉదయమున బూడిదవన్నెగా నుండిన నీరు మధ్యాహ్నమునకు పచ్చనగును. మబ్బు క్రమ్మినంతనే నల్లబడును. ఒక్క యల వంటిది మఱియొకటి యుండదు. చెట్టు నిలిచి యుండును. కొండ నిలిచి యుండును. సముద్రము మాత్రము చిత్రకారునికొఱకు ఒక్క క్షణమైనను నిలువదు. తాను వెదకుచున్న వస్తువు దొరికినదని మెస్డాగునకు అపుడు తోచెను. ఇక తన కుంచె సముద్రమునకే యని ఆయన నిర్ణయించుకొనెను.

సముద్రమును చిత్రింపదలచినవాడు సముద్రమునకు దూరముగా నుండరాదు. కావున 1869లో మెస్డాగు బ్రస్సెల్సును విడిచి స్వదేశమునకు మరలి హేగు నగరమున నివాస మేర్పరచుకొనెను. ఆ నగరమునకు చేరువనే స్కేవెనింగెను అను బెస్తపల్లె కలదు. అచ్చట సముద్రమునకు ఎదురుగా ఒక గదిని అద్దెకు తీసికొని, దినదినము అచ్చటికి పోయి, ఎండలోను, వానలోను, తుపానులోను సముద్రమును పరిశీలించుచుండెను. కాలము వ్యర్థము కాలేదు. మఱుసటి సంవత్సరము, అనగా 1870లో, పారిసు నగరమున జరిగిన గొప్ప చిత్రప్రదర్శనమునకు ఆయన ఒక పటమును పంపెను. ఉత్తర సముద్రమున విఱిగిపడు అలలు దాని వస్తువు. దానికి బంగారు పతకము లభించెను. నాలుగేండ్లకు పూర్వము బ్యాంకు లెక్కలు చూచుకొనుచుండిన మెస్డాగు పేరు ఒక్కసారిగా ఐరోపా దేశములందెల్ల వినవచ్చెను.

కీర్తి వచ్చిన వెనువెంటనే దుఃఖము కూడ వచ్చెను. 1871లో ఆ దంపతుల యేకైక కుమారుడు క్లాస్ మరణించెను. అతనికి అప్పటికి ఎనిమిదేండ్లు. తల్లిదండ్రుల వేదన వర్ణింప నలవికానిది. అయినను వారు దుఃఖమునకు లొంగి పనిని మానలేదు. సీంచె కూడ కుంచెను చేపట్టి భర్త ప్రక్కన కూర్చుండి శ్రద్ధతో చిత్రలేఖనమును సాగించెను. ఇసుకదిబ్బలను, బయళ్ళను, పూవులను చిత్రించి ఆమె కూడ కొలదికాలములోనే పేరు గాంచెను. నాటినుండి జీవితాంతము ఆ దంపతులకు చిత్రకళయే సంతానమయ్యెను.

మెస్డాగు సముద్రమునే కాక, దానిపై ఆధారపడిన బెస్తవారిని కూడ ప్రేమతో చూచెను. స్కేవెనింగెనులో ఆ కాలమున ఓడరేవు లేదు. పడవలు వచ్చి నిలుచుటకు గోడ కాని, మడుగు కాని లేదు. కావున బెస్తవారు అడుగు చదునుగా నుండి, వెడల్పుగను బరువుగను ఉండు ఒక విధమైన పడవలను కట్టుకొనిరి. వానికి బోమ్ పడవలని పేరు. వేటనుండి వచ్చునపుడు పోటునీటి సాయమున ఆ పడవలు తిన్నగా ఇసుకపైకి వచ్చి కూర్చుండెడివి. అడుగు చదునుగా నుండుటచే ప్రక్కకు ఒఱిగి పడిపోయెడివి కావు. గుఱ్ఱములను పూన్చి వానిని ఒడ్డునకు లాగుచుండిరి. పట్టిన చేపలను ఒడ్డుననే దింపి అమ్ముచుండిరి. స్త్రీలు వలలను బాగుచేయుటయు, చేపలబుట్టలను మోసికొనిపోయి హేగు వీథులలో అమ్ముటయు చేయుచుండిరి. పడవ పోయిన నాటినుండి తిరిగి వచ్చువఱకు ఇండ్లలోని కన్నులన్నియు సముద్రమువైపే యుండెడివి. గాలి హెచ్చినచో ఎవరి యింటి దీప మారునో తెలియదు. ఒడ్డున నిలిపిన పడవలకు కూడ తుపానునుండి రక్షణ లేదు. మెస్డాగు పటములలో ఈ పడవలు, ఈ మనుష్యులు మాటిమాటికి కనబడుదురు.

ఆయన జీవితములోని మహత్కార్యము 1880లో ఆరంభమయ్యెను. ఆ కాలమున ఐరోపా నగరములలో పనోరమా అను ఒక విధమైన చిత్రప్రదర్శనము విశేషముగా ప్రచారములో నుండెను. రాబర్ట్ బార్కరు అను చిత్రకారుడు 1787లో దీనిని కనిపెట్టి హక్కు పొందెను. గుండ్రని భవనమును కట్టి, దాని లోపలి గోడచుట్టును ఎడము లేకుండ ఒకే పటమును వ్రేలాడదీయుదురు. నడుమ నిలిచినవారికి నలుదిక్కులను ఆ దృశ్యమే కనబడును. చలనచిత్రములు పుట్టకమునుపు జనులకు ఇది గొప్ప వింత. ఇట్టి పటములలో పలుమారు మహాయుద్ధములనే చిత్రించుచుండిరి. ఫిరంగుల పొగయు, పరుగెత్తు గుఱ్ఱములును, కూలిన సైనికులును ఉన్నగాని జనులు డబ్బిచ్చి చూడరని వ్యాపారుల తలంపు. బెల్జియము దేశపు సంస్థ యొకటి హేగు నగరమున అట్టి ప్రదర్శనము నెలకొల్పదలచి, సముద్రదృశ్యమును చిత్రింపుమని మెస్డాగును కోరెను.

మెస్డాగు అంగీకరించెను. ఆయన నావికాయుద్ధమును ఎన్నుకొనలేదు. రాజుల ఊరేగింపును ఎన్నుకొనలేదు. తుపానును కూడ ఎన్నుకొనలేదు. స్కేవెనింగెనులో సైన్‌పోస్టు అను ఎత్తయిన ఇసుకదిబ్బ యుండెను. దానిపై నిలిచిన మనుష్యునికి ఒక సాధారణమైన దినమున నాలుగు వైపులను ఏమి కనబడునో అదియే తన పటమునకు వస్తువు కావలెనని నిశ్చయించెను. ప్రతిదినము ఎల్లవారును చూచుచు గమనింపని దృశ్యమును, జనులు డబ్బిచ్చి చూచునట్లు చేయుట సామాన్యమైన సాహసము కాదు.

పని చేయు విధానము కూడ చిత్రమైనదే. దిబ్బ నెత్తమున పెద్ద గాజుతొట్టివంటి గుండ్రని సాధనమును నిలిపిరి. మెస్డాగు దాని లోపల నుండి, అద్దము గుండ కనబడు ఇండ్లను, దిబ్బలను, పడవలను, సముద్రపు టంచును అద్దముపైననే గీతలుగా గీసెను. ఇట్లు చేయుటచే ఏ వస్తువు ఎంత దూరమున ఎంత పరిమాణమున కనబడవలెనో అది తప్పు లేకుండ తేలెను. పిమ్మట ఆ గీతలను ఎన్నోరెట్లు పెంచి పెద్ద గుడ్డపై కెక్కించిరి. ఆ గుడ్డ ఎత్తు 14 మీటర్లు. చుట్టుకొలత 120 మీటర్లు. నాలుగంతస్తుల మేడ యెత్తున, ఒక చిన్న వీథి పొడవున ఆ పటము నిలిచెను.

అంత పని ఒక్కనిచే కాదు. మెస్డాగు తోటి చిత్రకారులను సాయము కోరెను. డి బాక్ అను నాతడు ఆకాశమును, ఇసుకదిబ్బలను చిత్రించుటలో తోడ్పడెను. అపుడు ఇంకను యువకుడైన బ్రైట్నరు, గుఱ్ఱపు రౌతులను, గ్రామములోని కొంత భాగమును చిత్రించెను. బ్లోమర్సు అను చిత్రకారుడు దేశీయవేషముతోనున్న ఒక స్త్రీని, బిడ్డను చిత్రించెను. సీంచె కూడ ఎత్తైన పరంజాల నెక్కి పని చేసెను. సముద్రమును, పడవలను మెస్డాగు తన చేతి మీదుగా చిత్రించెను. 1881లో నాలుగు నెలల పరిమితిలో ఆ మహాచిత్రము పూర్తియయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ప్రజలకు ప్రవేశము లభించెను.

ఆ పటమును చూడబోవువారు ముందుగా మసకచీకటిగా నున్న దారి వెంట నడచి మెట్లెక్కవలెను. చీకటికి అలవడిన కన్నులకు ఒక్కసారిగా పగటివెలుగు కనబడును. తాము ఒక ఇసుకదిబ్బపైనున్న మంటపములో నిలిచినట్లు తోచును. మంటపముచుట్టును నిజమైన ఇసుక పోసి, ఆ తీరమున దొరకు వస్తువులను పడవేసి యుంచిరి. నిజమైన యిసుక ఎచ్చట ముగియునో, చిత్రించిన యిసుక ఎచ్చట మొదలిడునో కనిపెట్టుట కష్టము. పటమునకు పైయంచును, క్రిందియంచును కనబడవు. మంటపపు కప్పు పైయంచును, ఇసుక క్రిందియంచును మఱుగుపఱచును. భవనముపై నుండు గాజుకప్పు గుండ సూర్యకాంతి పటముపై పడును. బయట మబ్బు పట్టినపుడు పటములోని సముద్రము కూడ నల్లబడును. ఎండ వచ్చినపుడు మెఱయును. ఇట్లు అచ్చట చిత్రకారుని రంగులతోపాటు నిజమైన ఆకాశము కూడ పనిచేయుచున్నది.

చిత్రమును చూచుట వేఱు, చదువుట వేఱు. చూచినవారు బాగున్నదని వెడలిపోవుదురు. చదువగోరినవారు మెల్లగా నిలిచి, ఏది ఎచ్చట ఉన్నది, ఎందులకున్నది అని తమలో తాము ప్రశ్నించుకొందురు. మెస్డాగు పటమున ఒకవైపు విశాలమైన సముద్రము కలదు. అది ప్రశాంతముగా నున్నది. తెరచాపలెత్తిన పడవలు దూరమున తేలుచున్నవి. ఒడ్డున ఇసుకపై బోమ్ పడవలు వరుసగా కూర్చుండి యున్నవి. నేర్పుగా చూచినవారికి ఈ ఒక్క విషయమునుండియే ఆ గ్రామమునకు రేవు లేదని తెలియును. పడవల నడుమ మనుష్యులు చిన్నచిన్న రూపములుగా కనబడుదురు. వారిలో నాయకుడు లేడు, కథానాయిక లేదు. ఎవరి పనిలో వారున్నారు.

ఇంకొకవైపు గుఱ్ఱపు రౌతులు తడి యిసుకపై కవాతు చేయుచున్నారు. వేఱొకచోట సముద్రస్నానమునకు వచ్చిన ధనికులకై నిలిపిన బండ్లున్నవి. దిబ్బలపై వారి విహారగృహములు, రాజకుటుంబమువారి తెల్లని సౌధము కలవు. వెనుకకు తిరిగినచో ఎఱ్ఱకప్పుల యిండ్లతో బెస్తపల్లెయు, దాని ప్రాతచర్చియు, 1875లో కట్టిన దీపస్తంభమును కనబడును. ఇంకను దూరమున హేగు నగరపు గోపురములు లీలగా తోచును. పని చేయువారు, విశ్రాంతికి వచ్చినవారు, ఆయుధములు పట్టినవారు అందఱును ఒకే వెలుగులో, ఒకే తీరమున ఉన్నారు. చిత్రకారుడు ఎవరిని పొగడలేదు; ఎవరిని నిందింపలేదు. కాని దిబ్బపైనుండి చూచునపుడు, ధనికుల మేడయు, బెస్తవాని పడవయు ఆ మహాసముద్రము ముందు సమానముగా చిన్నవై కనబడును. ఇదియే ఆ పటములోని మౌనభాషణము.

ఇసుకపై ఒకచోట తెల్లని గొడుగు క్రింద కూర్చుండి చిత్రము వ్రాయుచున్న స్త్రీ కనబడును. ఆమె సీంచె. అంత పెద్ద పటములో మెస్డాగు తన భార్యను వ్రేలెడు రూపముగా మాత్రమే నిలిపెను. ఆమెను రాణివలె అలంకరింపలేదు. తీరమున తమ పనిలో మునిగియున్న అందఱివలెనే ఆమెను కూడ ఆమె పనిలో చిత్రించెను. కష్టసుఖములందు తనకు తోడైన సహధర్మచారిణికి ఒక చిత్రకారుడు ఈయగల గౌరవము ఇంతకుమించి యేమున్నది?

ప్రదర్శనము ఆరంభమైన నెలలోనే ఇరువదియెనిమిదేండ్ల యువకుడొకడు దానిని చూడవచ్చెను. అతడు చిత్రలేఖనమును అపుడే ఆరంభించిన విన్సెంట్ వాన్ గో. పిమ్మట లోకప్రసిద్ధుడైన ఆ చిత్రకారుడు మెస్డాగు పటమును చూచి మిక్కిలి మెచ్చుకొనెను. పలువురు చూడవచ్చిరి. అయినను సంస్థ ఆశించిన లాభము రాలేదు. 1886లో ఆ సంస్థ దివాలా తీసెను. పటము వేలమునకు వచ్చెను. అట్టి పటములను కొనినవారు వేఱొక నగరమునకు కొనిపోవుటయో, చాలక మూలబడవేయుటయో ఆ కాలమున వాడుక. పనోరమాలనేకములు ఇట్లే నశించిపోయెను. మెస్డాగు ఊరకుండలేదు. తన స్వంతధనముతో ఆ పటమును కొనెను. అది లాభము తెచ్చునది కాదని ఒకప్పటి బ్యాంకు ఉద్యోగియైన ఆయనకు చక్కగా తెలియును. తెలిసియే కొని, నష్టము వచ్చినను తన ధనముతోనే దానిని పోషించెను.

కాలము గడచినకొలది, ఆయన చేసిన పని విలువ బయటపడెను. పటము పూర్తియైన నాలుగేండ్లకు, అనగా 1885లో, స్కేవెనింగెను తీరమున కుర్‌హౌస్ అను గొప్ప విహారభవనము వెలసెను. ఇసుకదిబ్బల స్థానమున కట్టడములు లేచెను. మెస్డాగు నిలిచి చూచిన దిబ్బ కూడ పూర్వరూపమును కోల్పోయెను. 1894 డిసెంబరు నెలలో భయంకరమైన తుపాను వచ్చి, ఒడ్డున నిలిపిన పడవల ననేకముగా విఱుగగొట్టెను. ఇక రేవు లేక బ్రదుకుట దుస్సాధ్యమని అందఱికిని తెలిసెను. 1904లో అచ్చట ఓడరేవు ఏర్పడెను. రేవు వచ్చినపిమ్మట ఇసుకపై కూర్చుండు చదును పడవలతో పని లేకపోయెను. లోతైన అడుగు గల పడవలు వానికి బదులుగా వచ్చెను. బెస్తవారికి ఇది మేలే. కాని తాతల నాటి బోమ్ పడవలు తీరమునుండి మాయమయ్యెను. 1881లో ఒక సాధారణ దినమున అందఱును చూచిన దృశ్యము మఱి యెచ్చటను మిగులలేదు. మెస్డాగు పటములో మాత్రము మిగిలెను.

మెస్డాగు తన కీర్తిని తనకొఱకే దాచుకొనలేదు. హేగు నగరమందలి పుల్క్రి స్టూడియో అను చిత్రకారుల సంఘమునకు 1889 నుండి 1907 వఱకు అధ్యక్షుడై తోటివారికి తోడ్పడెను. ఫ్రెంచి చిత్రకారుల పటములను, తన దేశపు చిత్రకారుల పటములను విరివిగా కొని సేకరించెను. మిల్లే, కొరో, డోబిన్యీ మున్నగువారి పటము లందున్నవి. వానిని ఉంచుటకై 1887లో తన యింటి ప్రక్కన ఒక ప్రదర్శనశాలను కట్టించెను. 1903లో ఆ దంపతులు ఆ శాలను, అందలి సంపదను తమ దేశప్రభుత్వమునకు దానముగా నిచ్చిరి. సంతానము లేని ఆ దంపతులు దేశమునే వారసునిగా చేసికొనిరి.

1909లో సీంచె మరణించెను. అర్ధశతాబ్దికి పైగా తోడుగా నిలిచిన ఆమె లేని లోటు వృద్ధుడైన మెస్డాగునకు తీరనిది. 1910లో ఆయన పనోరమా వాటాలను తన బంధువర్గమునకు అప్పగించి, దాని రక్షణకు ఏర్పాటు చేసెను. 1915 జులై 10వ తేదీన, తన యెనుబదినాలుగవ యేట, హేగు నగరమున పరమపదించెను.

ఆయన మహాచిత్రము నేటికిని హేగు నగరమున, తనకై కట్టిన భవనములోనే యున్నది. నూటనలువదేండ్లకు పైబడినను ఆ తీరమున పడవలు కదలినట్లే తోచును. తెల్లగొడుగు క్రింద సీంచె తన పనిని మానలేదు. అందులో కనబడు బెస్తవారిలో పెక్కుమంది పేరులు ఎవరికిని తెలియవు. చరిత్రగ్రంథములు వారిని స్మరింపలేదు. అయినను వారి పడవలు, వారి తీరము, వారి పనిదినము నశింపక నిలిచినవి. ముప్పదియైదేండ్ల వయస్సున ఒక మనుష్యుడు లెక్కల పుస్తకమును మూసి కుంచెను చేపట్టుటయు, నిత్యము కనబడు సామాన్యదృశ్యమును ప్రేమతో నిలిచి చూచుటయు దీనికి కారణములు. కనులెదుటనున్న జీవితమును శ్రద్ధతో చూచువారికి ఏ యూరి తీరమైనను, ఏ వీథియైనను ఒక మహాచిత్రమే యని మెస్డాగు జీవితము తెలుపుచున్నది.